బయ్యర్ల మీటింగుకు పోయొచ్చిండ్రు సరే, ఒక్క బస్తన్నా అమ్మిండ్రా?

పోస్టు పెద్దగా ఉంది, తీరిక చేసుకొని చదవండి. చదివాక కొందరికి కోపం రావచ్చు. రానియ్యండి. నా మీద నాకే ముందు కోపం వచ్చింది.

రెండేండ్ల కింద మా రైతు కంపెనీ సర్వసభ్య సమావేశం జరిగింది. మాది చిన్న ఎఫ్‌పీఓ. 312 మంది సభ్యులం, ఎక్కువ మంది పసుపు రైతులం, తలా వెయ్యి రూపాయలు వాటా ధనం కట్టినం. ఐదుగురు డైరెక్టర్లలో నేనొకణ్ని. ఆ రోజు లెక్కలు చదివే పని నా మీద పడింది. "నాలుగేండ్లలో పదకొండు సమావేశాలు, ప్రయాణ ఖర్చులు 38,600 రూపాయలు" అని చదవంగనే వెనక నుంచి ఒక అవ్వ లేచింది. ఎకరం పసుపు వేస్తది, ఇంట్లో ఆమె ఒక్కతే. మెల్లగానే అడిగింది.

"బిడ్డా, పదకొండు మీటింగులకు పోయొచ్చిండ్రు సరే, ఒక్క బస్తన్నా అమ్మిండ్రా?"

అందరూ నవ్విండ్రు. నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే జవాబు "లేదవ్వా" అని నాకు తెలుసు. మా ఫొటోలు మాత్రం మస్తుగున్నయి. పూలబొకేతో ఒకటి, బ్యానర్ ముందు ఒకటి, ఎంఓయూ కాగితం పట్టుకొని ఇంకొకటి. ఆ ఎంఓయూ మీద ఇప్పటిదాకా ఒక్క కిలో కూడా కదల్లేదు.

ఆ రాత్రి ఇంటికొచ్చి, స్వీటు డబ్బాలో దాచిపెట్టిన విజిటింగ్ కార్డులన్నీ మంచం మీద పోసి లెక్కపెట్టాను. 164. వారం రోజులు కూర్చొని ఒక్కొక్కరికి ఫోన్ చేశాను. మీరు కూడా మీ దగ్గరున్న కార్డులతో ఈ పని ఒకసారి చెయ్యండి. చేస్తే నా మాట అర్థమైతది.

ఆ 164లో సగానికి పైగా మన సరుకు కొనేవాళ్లవి కానే కావు, మనకు ఏదో ఒకటి అమ్మేవాళ్లవి. డ్రిప్పు, మందులు, ఇన్సూరెన్సు, సోలారు, లెక్కలు రాసే సాఫ్ట్‌వేరు. అంటే అమ్ముకొని వద్దామని పోయిన నేను, నాలుగేండ్లు వాళ్లకు గిరాకీనై తిరిగొచ్చిన. నిజంగా పసుపు కొనేవాళ్లు 31 మంది తేలిండ్రు. ఆ 31 మందిలో నేను మీటింగు అయిన వారంలోపు ఫోన్ చేసింది ఎంతమందికి? ఇద్దరికి. మిగతా వాళ్లకు ఇప్పుడు ఫోన్ చేస్తే "ఏ మీటింగు? ఎవరు మాట్లాడేది?" అన్నారు. వాళ్లను తప్పు పట్టేదేముంది? మూడేండ్ల కింద ఒక మధ్యాహ్నం రెండు నిమిషాలు నిలబడి మాట్లాడిన మనిషిని నేను మాత్రం గుర్తుపెట్టుకుంటనా?

ఇక ఈ మీటింగులు పెట్టేవాళ్ల సంగతికొస్తా.

పేరు బయ్యర్లు, సెల్లర్ల సమావేశం. కార్డు మీద టైము పొద్దున పది. పెద్దసార్లు వచ్చేది పదకొండున్నరకు. జ్యోతి వెలిగించుడు, శాలువాలు, ఒక్కొక్కరి ఉపన్యాసం. రైతే రాజు, రైతు పారిశ్రామికవేత్త కావాలె, విలువ జోడించాలె. అయ్యేసరికి ఒకటిన్నర. అప్పుడు భోజనం. బయ్యర్లకు వేరే గదిలో పెడతరు, మనకు బయట షామియానా కింద. మూడు గంటలకు బయ్యర్లకు రైలో బస్సో ఉంటది, పోతరు. ఇగ బయ్యరు, సెల్లరు కలిసింది ఎప్పుడన్నా? చేతులు కడుక్కునే కాడ.

ఇంకో సంగతి. నేను పోయిన పదకొండులో ఏడు మీటింగులు ఫిబ్రవరి, మార్చిలోనే పెట్టిండ్రు. ఎందుకో మనకు తెల్వదా? మార్చి 31 లోపల బడ్జెట్ ఖర్చు కావాలె. పసుపు రైతుకు ఆ రెండు నెలలంటే ఏంది? తవ్వుడు, ఉడకబెట్టుడు, కళ్లంలో ఎండబోసుడు, పాలిష్ చేయించుడు. మబ్బు పడితే గుండె జారుతది. అసొంటి రోజుల్లో కళ్లం ఇడిచిపెట్టి, ఇద్దరు కూలోళ్లను అదనంగా పెట్టి, నేను పోయి కుర్చీలు నింపిన. అదే డిసెంబరులో పెడితే, పంట ఇంకా భూమిలో ఉంటది. ఎంత వస్తది, ఏ నెలలో ఇస్తం, ఎట్ల కావాలె అని ఇద్దరికీ మాట్లాడుకునే టైము ఉంటది.

2020లో కేంద్రం పదివేల ఎఫ్‌పీఓల పథకం మొదలుపెట్టింది. ఒక్కో సంఘానికి మూడేండ్లలో 18 లక్షల వరకు నిర్వహణ సాయం, సభ్యుడు కట్టిన వాటాకు సమానంగా మనిషికి 2,000 వరకు ఈక్విటీ గ్రాంటు. పథకాన్ని నేను తప్పు పడతలేను. కానీ ఆ లెక్కల్లో "ఇన్ని సమావేశాలు జరిపినం, ఇంతమంది హాజరైండ్రు" అని రాసుకునే కాలమ్ ఉన్నంత కాలం మనం హాజరు సంతకాలకే పనికొస్తం. "నెల తర్వాత ఎన్ని క్వింటాళ్లు చేతులు మారినయి" అనే కాలమ్ ఒక్కటి పెట్టండి. సగం మీటింగులు వాటంతట అవే బంద్ అయితయి. మిగిలిన సగం బాగుపడతయి.

ఇంకో రకం పెద్దమనుషులున్నరు, ట్రైనింగ్ ఇచ్చేవాళ్లు. నెట్‌వర్కింగ్ ఎట్ల చేయాలో మనకు నేర్పుతరు. చెయ్యి గట్టిగా పట్టుకొని ఊపాలె, కండ్లలోకి చూడాలె, నవ్వాలె, ముప్పై సెకన్లలో మన గురించి ఇంగ్లీషులో చెప్పుకోవాలె, కనీసం యాభై కార్డులు పంచి రావాలె. నేను కూడా అవన్నీ చేసిన. 200 కార్డులు అచ్చేయించిన. చొక్కా ఇస్త్రీ చేయించుకొని పోయిన. ఏమైంది? సంతలో ఎద్దును అమ్మేటోడు ఎంత నవ్వితే ఏం లాభం? కొనేటోడు ఎద్దు పళ్లు చూస్తడు, నడక చూస్తడు, ఎవరి ఇంటి ఎద్దని అడుగుతడు. మన తాతలకు తెలిసిన ఈ సంగతి మన ట్రైనర్లకు తెల్వదు.

సరే, ఇప్పటిదాకా వాళ్లను తిట్టినం. చప్పట్లు కొట్టేటోళ్లు కొట్టిండ్రు. ఇప్పుడు మనల్ని మనం అనుకుందాం. అసలు ఈ పోస్టు రాసింది దీనికోసమే.

ఆ పదకొండులో ఒక మీటింగులో ఒక పెద్ద మసాలా కంపెనీలో సరుకు కొనే ఆఫీసరు నా ముందు కూర్చున్నడు. పది నిమిషాలు దొరికింది. డైరీ తీసి, పెన్ను పట్టుకొని మూడు ప్రశ్నలడిగిండు. "ఎంత సరుకు ఇవ్వగలరు?" నేను: "ఎంతైనా ఇస్తం సార్." "తేమ ఎంతుంటది?" నేను: "మంచిగ ఎండబెడతం సార్." "కర్కుమిన్ రిపోర్టు ఉందా?" నేను: "మా ఏరియా పసుపు అంటేనే ఫస్ట్ క్లాస్ సార్."

ఆయన డైరీలో ఒక్క అక్షరం రాసుకోలేదు. పెన్ను మూసి, "మంచిది, కలుద్దాం" అన్నడు. బయటికొచ్చి నేను ఏమన్ననో తెలుసా? "ఈ కంపెనీలోళ్లకు రైతంటే లెక్కలేదు" అన్న. మా డైరెక్టర్లు అవునవునన్నరు.

ఇప్పుడు ఆలోచిస్తే సిగ్గేస్తది. "ఎంతైనా" అనేది అంకె కాదు. "మంచిగ" అనేది తేమ శాతం కాదు. కొనేవాళ్లు 10, 12 శాతం లోపు తేమ అడుగుతరని మనకు తెలుసు, కానీ కొలిచే మిషను మా ఆఫీసులో లేదు. కర్కుమిన్ అంటే పసుపుకు రంగునిచ్చే పదార్థం, దాని శాతాన్ని బట్టి కంపెనీలు ధర కడతయి. ల్యాబులో శాంపిల్ ఇస్తే తెలుస్తది. 38,600 రూపాయలు తిరగడానికి పెట్టిన మేము, శాంపిల్ పరీక్షకు ఒక్క రూపాయి పెట్టలేదు. ఆయన రాసుకోవడానికి నేను ఇచ్చింది ఏముందని రాసుకుంటడు?

అన్నలారా, మీటింగులో గెలిచేదీ ఓడేదీ మీటింగు రోజు కాదు. అంతకు ముందు నెలలో, ఆ తర్వాత వారంలో. మధ్యలో ఆ ఒక్క రోజు ఉత్త పలకరింపే. మనమేమో ఆ ఒక్క రోజే పెండ్లికి పోయినట్టు తయారై పోతం, ముందు నెల ఏం చెయ్యం, తర్వాత వారం నిద్రపోతం.

అవ్వ అడిగిన తర్వాత మేము ఏం చేసినమో చెప్తా. గొప్ప కోసం కాదు, ఎవరికన్నా అక్కరకొస్తదని.

మొదలు ఏడాది పాటు ఏ మీటింగుకూ పోలేదు. సభ్యుల్లో ఎవరి దగ్గర ఎంత పంట వస్తదో ఇంటింటికీ తిరిగి రాసుకున్నం. ఒకే రకం వేసి, ఒకే తీరుగ ఉడకబెట్టి, కళ్లంలో సరిగా ఎండబెట్టి ఇస్తమని 14 మంది ముందుకొచ్చిండ్రు. మిగతా వాళ్లను బలవంతం చెయ్యలేదు. తేమ మిషను కొన్నం. రెండు శాంపిళ్లు ల్యాబుకు పంపినం. అప్పుడు ఒక చీటీ మీద నాలుగు లైన్లు రాసుకున్న: మా దగ్గర కాడి 60 క్వింటాళ్లు, ఫిబ్రవరి ఆఖరు నుంచి ఇస్తం, తేమ ఇంత, కర్కుమిన్ ఇంత. కింద ఇంకో లైను: గోల ఈ లాటులో లేదు, పొడి మేము పట్టియ్యం. లేనిది లేదని రాసుకోవడం ఆ చీటీలో అన్నిటికంటే ముఖ్యమైన లైను.

తర్వాత డిసెంబరులో ఒక్క మీటింగుకు పోయినం. కార్డులు ఇరవై మాత్రమే పట్టుకపోయిన. వచ్చే బయ్యర్లెవరని ముందే ఫోన్ చేసి అడిగి, నలుగురిని చూసుకొని పోయిన. అందులో ఇద్దరు రాలేదు. ఒకాయన మాకు ఇంత తక్కువ సరుకు పనికిరాదన్నడు. పనికిరాదని మొహం మీద చెప్పినందుకు దండం పెట్టిన, నా టైము మిగిలింది.

నాలుగో ఆమె హైదరాబాదులో చిన్నగా కారం, పసుపు పొడులు పట్టించి అమ్ముకుంటది. అన్నం తినే కాడ దొరికింది. నేను మా గురించి చెప్పలేదు. "మేడం, మీకు పసుపుతోని వచ్చే ఇబ్బంది ఏంది?" అని అడిగిన. పావుగంట ఆమే చెప్పింది. ఒక లాటు బాగుంటది, ఇంకో లాటులో తేమ, పొడి గడ్డ కడతది. పాలిష్ అప్పుడు రంగు కలుపుతున్నరని భయం. లెడ్ క్రోమేట్ కలిసిన పసుపు ఒక్కసారి పట్టుబడితే చిన్న వ్యాపారం మునిగిపోతది.

"మీరు రంగు వేస్తారా?" అని సూటిగా అడిగింది.

పాత నేనైతే "అసలు మా ఊళ్లోనే ఎవ్వరూ వెయ్యరు మేడం" అనేవాణ్ని. ఉన్నది చెప్పిన. "పాలిష్ డ్రమ్ములో రంగు వేసేవాళ్లు మా దిక్కు కూడా ఉన్నరు మేడం, మా సభ్యుల్లోనే ఉండొచ్చు. ఈ 14 మంది సరుకుకు మాత్రం నా ముందట పాలిష్ చేయిస్తం. ఒట్టి మాట నమ్మకండి, ల్యాబుకు పంపుకోండి."

ఆమె నా మొహం దిక్కు చూసింది, అప్పుడు చీటీ అడిగింది.

మూడో రోజు నేనే ఫోన్ చేసిన. గుర్తుపట్టింది. పంట వచ్చినంక అర కిలో శాంపిల్ కొరియరు చేసిన, లోపల రైతు పేరు, ఉడకబెట్టిన తారీకు, తేమ శాతం రాసిన చీటీ పెట్టి. ఇరవై రోజులు చప్పుడు లేదు. నేను మళ్లీ ఒక్కసారే ఫోన్ చేసి, "ల్యాబులో ఏమొచ్చింది మేడం, బాగలేకపోయినా చెప్పండి, మేము దిద్దుకుంటం" అన్న. వారానికి 12 క్వింటాళ్లు అడిగింది. ఆ రోజు యార్డు ధర కంటే క్వింటాలుకు 900 ఎక్కువ. అడ్తి లేదు. ఆ లాటులో ఒక బస్తాలో తేమ ఎక్కువున్నట్టు లోడ్ పోయినంక నా పుస్తకంలో చూసుకున్న. ఆమె చూడకముందే ఫోన్ చేసి ఆ బస్తా పైసలు తగ్గించుకోమన్న. మాకు అంతకంటే మంచి ప్రచారం ఇంకోటి లేదు. ఆమెనే ఇంకో ఇద్దరికి మా నంబరు ఇచ్చింది. సీజను మొత్తం మీద 52 క్వింటాళ్లు పోయినయి.

52 క్వింటాళ్లంటే ఎంత? 312 మంది పంటలో ఏ మూలకూ రాదు. నేను ఇది విజయగాథ అని చెప్తలేను. పదకొండు మీటింగుల్లో సున్నా, ఒక్క మీటింగులో 52. తేడా ఎక్కడ వచ్చిందో చూడమంటున్న, అంతే.

టౌన్‌లో నా మేనల్లుడికి ఎలక్ట్రికల్ షాపుంది. వాడు బీఎన్‌ఐ అనే వ్యాపారుల క్లబ్బులో ఉన్నడు. 1985లో అమెరికాలో ఇవాన్ మిస్నర్ అనే ఆయన మొదలుపెట్టిండంట. వారం వారం అదే మనుషులు కలుస్తరు, ఒక వృత్తికి ఒక్కరే సభ్యుడు, ఈ వారం నువ్వు ఎవరికి గిరాకీ చూపించినవ్ అని అడుగుతరు. ఫీజు ఎక్కువ, మనకు సరిపోదు. కానీ ఒక్క సంగతి చూడండి. నాకేం దొరికింది అని కాదు, నేను ఎవరికి ఏమిచ్చిన అని అడుగుతున్నరు. మళ్లీ వారం అదే మొహం చూడాలె కాబట్టి అబద్ధం చెల్లదు. మనం ఒక్కసారి కలిసే మీటింగులో "ఎంతైనా ఇస్తం" అనేది మళ్లీ కనబడమనే ధైర్యంతోనే కదా?

మా బిడ్డ ఎంబీఏ చదువుతున్నది. గ్రానోవెటర్ అనే ఆయన 1973లో రాసిన వ్యాసం గురించి చెప్పింది. పరిచయస్తుల ద్వారా కొత్త ఉద్యోగం దొరికిన వాళ్లను అడిగితే, ఎక్కువ మందికి ఆ కబురు దగ్గరి దోస్తుల నుంచి రాలేదంట, అప్పుడప్పుడు కలిసే మనుషుల నుంచి వచ్చిందంట. ఎందుకంటే మన దగ్గరోళ్లకు మనకు తెలిసిందే తెలుస్తది. మరి మన మీటింగుల్లో మనం ఏం చేస్తం? ఒకే జీపులో పోతం, ఒకే వరుసలో కూర్చుంటం, ఒకే దగ్గర తింటం, మనలో మనమే ధర గురించి బాధపడి తిరిగొస్తం. ఆ బాధ మన ఊరి కట్ట మీద కూర్చొని కూడా పడొచ్చు, పెట్రోలు ఖర్చన్నా మిగులుతది.

"యార్డు ఉంది, 2016 నుంచి ఈ-నామ్ ఉంది, ఈ తిరుగుడెందుకు?" అనేవాళ్లున్నరు. యార్డు కావాలె, మా పంటలో ఎక్కువ భాగం ఇప్పటికీ అక్కడికే పోతది. కానీ యార్డులో కుప్ప మీద నా పేరుండదు. నేను బాగా ఎండబెట్టినా, పక్కోడు ఎండబెట్టకపోయినా, ధరలో ఆ తేడా పూర్తిగా నాకు రాదు. నా కష్టానికి నా పేరు మీద ధర కావాలంటే, నా పేరు తెలిసిన మనిషి ఒక్కడన్నా అవతల ఉండాలె.

"మాకు ఇంగ్లీషు రాదు, మాటలు రావు" అనేవాళ్లకు కూడా చెప్తున్న. ఆ మేడంతో నేను ఒక్క ఇంగ్లీషు ముక్క మాట్లాడలేదు. పావుగంటలో పది నిమిషాలు విన్న. పసుపు గురించి అడిగితే చెప్పిన. మనకు రానిది మాటలు కాదు, లెక్క. అది నేర్చుకుంటే వస్తది.

ఇగ మీటింగులు పెట్టే సార్లకు నా విన్నపం. పంట చేతికి రాకముందు పెట్టండి. బయ్యర్ల పేర్లు, వాళ్లకు ఏం కావాలె, ఎంత కావాలె అనేది వారం ముందు మాకు పంపండి. ఉపన్యాసాలు అరగంటకు కట్టెయ్యండి. బయ్యరు ముందట ఒక్కో సంఘానికి పదిహేను నిమిషాలు రాసి ఇవ్వండి. అందరికీ ఒక్క దగ్గరనే అన్నం పెట్టండి. నెల తర్వాత ఫోన్ చేసి "ఎన్ని క్వింటాళ్లు అమ్మినవ్?" అని అడగండి. శాలువాలు వద్దు, ఆ పైసలతో మా శాంపిళ్లు పరీక్ష చేయించండి.

నాలాంటి డైరెక్టర్లకు ఇంకో మాట. మనం తిరిగేది మన పైసలతో కాదు. వెయ్యి రూపాయల వాటా కోసం కూలికి పోయినోళ్లు ఉన్నరు. అంకె, శాంపిలు, రిపోర్టు లేకుండా జీపెక్కే హక్కు మనకు లేదు. పోయొచ్చిన వారంలో ఎవరికి ఫోన్ చేసినమో పుస్తకంలో రాసి సభ్యుల ముందు పెట్టాలె. ఫొటో పెట్టడం కాదు.

ఈ ఏడు సర్వసభ్య సమావేశంలో 52 క్వింటాళ్ల లెక్క నేనే చదివిన. అందులో ఆరు బస్తాలు ఆ అవ్వయి. కొంచెం గర్వంగనే ఆమె దిక్కు చూసిన, ఇప్పుడన్నా మెచ్చుకుంటదేమోనని.

అవ్వ లేచి నిలబడ్డది. "ఆరు బస్తాలు పోయినయి బిడ్డా, మంచిగైంది. మిగిలినయి ఎన్నడు అమ్ముతరు?" అన్నది.

ఈ డిసెంబరుకు నా దగ్గర జవాబుండాలె. మీ సంఘంలో కూడా ఇట్ల అడిగే అవ్వ ఒకామె ఉండే ఉంటది. ఆమెను ముందు వరుసలో కూర్చోబెట్టండి.